నా పేరుతో నడిచినవాడు

1. సోమవారం

నా అరికాళ్ళకు బొబ్బలు లేచాయి. నేను నడిచి ఆరేళ్ళయింది.

చూసింది గున్నమ్మ. పొద్దున్నే డాబా మీద డ్రోను దింపిన మంచినీళ్ళ డబ్బా కిందికి తెచ్చి, వంటకు తీయగా మిగిలిన చెంబెడు నీళ్ళతో నా కాళ్ళు కడగడం మా ఆవిడ రోజూ చేసే పని. నడుము కింద నాకు స్పర్శ లేదు. అక్కడేం జరుగుతోందో ఆమె చెబితేనే నాకు తెలుస్తుంది.

“ఏటి మావా ఇది? నాకు సెప్పకండా ఎక్కడికెల్లొచ్చినావు?”

“ఊరంతా తిరిగొచ్చినాను. నిద్దరోతన్నావని లేపలేదు” అన్నాను.

ఆమె నవ్వలేదు. అద్దం తెచ్చి చూపించింది. రెండు మడమల దగ్గరా తోలు లేచిపోయింది, బొటనవేళ్ళ కింద నీటి బొబ్బలు. కొత్త బూట్లు వేసుకుని రోజంతా మార్చింగు చేసిన రిక్రూటు కాళ్ళు అచ్చం ఇలాగే ఉంటాయి. అలాంటివి వందల కాళ్ళు చూశాను కాబట్టి నాకు అనుమానం లేదు. అనుమానం ఉన్నా బాగుండేది.

మధ్యాహ్నం దాకా జీడిపిక్కలు ఒలుస్తూ కూర్చున్నానే గాని ధ్యాస అంతా కాళ్ళ మీదే. ఈ వారం రోజుల్లో నేను ఇల్లు కదిలింది ఒక్కసారే. నిన్న వైకల్య పరీక్షకు వెళ్ళాను. ఇదివరకు మాజీ సైనికులకు ఆ పరీక్ష మిలిటరీ ఆస్పత్రిలో జరిగేది. మేజర్ డాక్టరు కాలి మీద సూదితో గుచ్చి, నా ముఖంలోకి చూసి, “సరే, వచ్చే ఏడు కనబడు” అనేవాడు. ఇప్పుడు సర్కారు ఆ పని కాంట్రాక్టుకి ఇచ్చేసింది. కొత్త బారువ బస్సు కాంప్లెక్సు పై అంతస్తులో కంపెనీ హాలు ఉంది. అక్కడ డాక్టరు ఉండడు. గది ఉంటుంది. తలుపు మూసుకున్నాక గదే మనల్ని పరీక్షిస్తుంది. తోడు వచ్చినవాళ్ళు కింద ఆగాలి.

నాకు గుర్తున్నది ఇంతే. చల్లటి గది. నా నంబరు పిలిచారు. తర్వాత గున్నమ్మ నా చక్రాల పీటను లిఫ్టులోంచి బయటికి లాగుతోంది. మధ్యలో కునుకు పట్టిందనుకున్నాను.

2. బుధవారం

ఫలితం ఫోనుకి వచ్చింది. గున్నమ్మ చదివి, నా చేతికిచ్చి, పొయ్యి ఆర్పేసింది.

వైకల్యం కనిపించలేదట. నడక, మెట్లు, బరువు, అన్నీ ఉత్తమమట. పింఛను ఈ నెల నుంచి ఉండదు. ఆరోగ్యవంతులు గట్టు దళంలో తిరిగి చేరాలి. అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు.

పింఛను పోతే పోయింది, జీడిపిక్కలు ఒలుచుకుని బతుకుతాం. నన్ను వణికించింది గట్టు. ఉత్తరాన సముద్రానికి అడ్డంగా కట్టిన ఆ గోడ మీద నేను తొమ్మిదేళ్ళు కాపలా కాస్తూ, బస్తాలు మోస్తూ పనిచేశాను. పనిచేశానని కాగితాలు చెబుతాయి. చేరిన రోజునే మా అందరికీ వెన్నుపూసకు ఒక యంత్రం కుట్టారు. దాన్ని వెన్నుతోడు అనేవాళ్ళం. అది లేచిందంటే మనిషి మగతలోకి పోతాడు, ఒళ్ళు దాని చేతిలోకి పోతుంది. అలుపు లేదు, భయం లేదు. నా యుద్ధంలో నాకు గుర్తున్నవి పొద్దుటి టీ, సాయంత్రం కాళ్ళ వాపు. ఆ మధ్యలో ఏం చేశానో, ఎవరిని ఏం చేశానో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రిటైరైన రోజున దాన్ని ఆపేశామన్నారు. తీస్తే ప్రాణం పోతుందని ఒంట్లోనే ఉంచేశారు. అది ఆగిన రోజు నుంచే నా కాళ్ళు పడిపోయాయి.

సాయంత్రం కూర్మారావు వచ్చాడు. గట్టు మీద నా పక్క మంచం వాడిదే. వాడి కాళ్ళు బాగానే ఉన్నాయి, పాడైంది గుండె. నాలుగడుగులు వేస్తే చేతికర్ర మీద వాలి ఊపిరి వెతుక్కుంటాడు. బరువెత్తితే ఆ గుండె ఆగిపోతుందని మేజర్ డాక్టరు వాడికి మొహం మీదే చెప్పాడు. పెళ్ళాంబిడ్డలు లేరు. కూర ఏదైనా మా ఇంటికొచ్చే తింటాడు.

“నీ కాళ్ళు ఉత్తమమైతే నా గుండె అత్యుత్తమం రా. ఇద్దరం పోయి గోడ మోసేద్దుం” అన్నాడు. గున్నమ్మ ముఖం చూసి మాట మార్చాడు. “పరీక్షలో ఏటి రాసేరో ముందు సూడాల, దాలీ. రికార్డు అడుగు.”

3. శుక్రవారం

రికార్డు అడగడానికి కంపెనీ హాలుకి వెళ్ళాం. కౌంటరు దగ్గర జోషిత అనే అమ్మాయి ఉంది. మర్యాదగానే మాట్లాడింది. మర్యాదగానే కుదరదంది.

“రికార్డు కంపెనీది బాబాయ్ గారూ. మేము పింఛను ఆఫీసుకి పంపిస్తాం. మీరు వాళ్ళని అడగాలి.”

“ఆలని అడిగినామమ్మా. కంపెనీని అడగమన్నారు” అంది గున్నమ్మ.

“అయితే రాసి పెట్టి వెళ్ళండి.”

“వొల్లు ఈనది. కాలు ఈనది. ఆ కాలు ఏటి సేసినాదో సూసుకోడానికి మీరెవలమ్మా అడ్డం?”

జోషిత కాగితం, పెన్ను ముందుకు తోసింది. గున్నమ్మ వాటిని ముట్టుకోలేదు. సంచిలోంచి పచ్చి జీడిపిక్కలు తీసి, ఆ తెల్లటి నేల మీదే గుమ్మరించి, కత్తిపీట వేసుకుని ఒలవడం మొదలుపెట్టింది. పచ్చి జీడి ఎక్కడ కారితే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, చేతికి తగిలితే పొక్కుతుంది. ఊడవడానికి వచ్చిన యంత్రం చక్రాలకు జీడి అంటి అక్కడే తిరుగుతూ ఉండిపోయింది. నాకు నవ్వాగలేదు. చాలా రోజుల తర్వాత నవ్వాను, దానికైనా కంపెనీకి రుణపడి ఉన్నాను.

సాయంత్రానికి అనుమతి వచ్చింది. రేపు వాళ్ళ గదిలోనే కూర్చుని చూడాలి.

4. శనివారం

చూశాం. ఇప్పుడే రాయాలి. రాయకపోతే ఇది కూడా పోతుందేమోనని భయం.

తెరమీద నేను పీట మీద కూర్చుని ఉన్నాను. ముందు ఒక ట్యూను వినిపించింది. గట్టు మీద పొద్దుటి హాజరుకి మోగే ట్యూను అది. తర్వాత నా ర్యాంకు, నా నంబరు. వెంటనే నేను ఛాతీ విరిచి “హాజిర్ సాబ్!” అన్నాను.

ఎందుకన్నానని అడిగితే చెప్పలేను. నిప్పు తగిలితే చెయ్యి ఎందుకు లాక్కుంటుంది? తొమ్మిదేళ్ళు ప్రతి పొద్దునా ఆ పిలుపుకి ఆ మాట పలికాను. మా వెన్నుతోడు లేచేది కూడా దానితోనే. ట్యూను మోగిన తర్వాత మా గొంతుతో మేం ఆ మాట అంటేనే అది కదులుతుంది. వేరేవాళ్ళు అంటే కదలదు. ఒప్పుకుని వచ్చామనడానికి గుర్తుగా అలా పెట్టారట.

మాట పూర్తయ్యేసరికి తెరమీద నా ముఖంలోంచి నేను వెళ్ళిపోయాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. పీట మీద నుంచి లేచాను. నడిచాను. మెట్లు ఎక్కాను, దిగాను. ఇసుక బస్తా భుజాన వేసుకుని గుంజీలు తీశాను. “నొప్పి ఉందా?” అని గది అడిగింది. “లేదు సాబ్” అంది నా నోరు.

గున్నమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె గోళ్ళు దిగుతున్నాయని తర్వాత తెలిసింది.

“అది నువ్వు కాదు మావా” అంది. “నువ్వు నడిస్తే ఎడం బుజం వొంగుతాది. పెళ్ళిలో కూడా వొంగినాది. ఇదెవుడో.”

పరీక్ష అయిపోయింది. వాడు వెనక్కి వచ్చి నా పీట మీద కూర్చున్నాడు. కెమెరా వైపు తల తిప్పి, “తర్వాతి డ్యూటీ ఏది సాబ్?” అని అడిగాడు. గది ఏమీ చెప్పలేదు. వాడు చాలాసేపు అలాగే చూస్తూ ఎదురుచూశాడు. డ్యూటీ ఏదీ రాక, చివరికి తల వాల్చేశాడు. నా ఒంట్లో ఆరేళ్ళుగా వాడు అలా ఎదురుచూస్తూనే ఉన్నాడా?

బయటికి వస్తూ జోషితని అడిగాను, ఆ ట్యూను ఎందుకు పెట్టారని. గట్టు దళం వేలం వేసిన పాత సామాను చవగ్గా వస్తే కంపెనీ కొందట. స్పీకర్లు అందులోవే.

“ట్యూను పెట్టాక పరీక్షలు తొందరగా అవుతున్నాయి బాబాయ్. పరీక్ష పూర్తయితేనే మాకు బిల్లు” అంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. కంపెనీలో ఎవరికైనా తెలుసో లేదో నాకు తెలియదు.

5. బుధవారం

ఇంట్లో ఆ మాట ఎవరూ అనకూడదని గున్నమ్మ కట్టడి చేసింది. ట్యూను లేనిదే అది లేవదని నేను చెప్పినా వినదు. నిద్రపోయేటప్పుడు నా నడుము మీద చెయ్యి వేసి పడుకుంటోంది. పడిపోయిన కాళ్ళతో ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆ కాళ్ళు లేస్తాయేమోనని ఇప్పుడు బెదురుతోంది.

నడిచింది నేను కాదు, వెన్నుతోడని అప్పీలు చేశాం. అది ఆరేళ్ళ కిందటే ఆగిపోయిందంటూ తిరిగి పరీక్ష పెడతామన్నారు. ఈసారి పిలుపు హాల్లోనే, సాక్షులు ఇద్దరు పక్కన ఉండొచ్చు. పలికి, గాజు తలుపు దాటి గదిలోకి వెళ్ళాలి. అప్పీలులో కూడా ఆరోగ్యవంతుడని తేలితే ఇంటికి పంపరు. గదికి అవతల ఇంకో తలుపు ఉంది, దాని ముందు గట్టుకి వెళ్ళే బండి ఉంటుంది.

“పలక్కపోతే?” అని అడిగాను.

“మూడుసార్లు పిలుస్తారు. పలక్కపోతే గైర్హాజరు” అంది జోషిత. “గైర్హాజరైతే గస్తీ వాళ్ళు ఇంటికొచ్చి తీసుకెళ్తారు.”

“ఇక్కడే నీ ఎదురుగా కూకున్నాడు కదమ్మా, గైర్హాజరేటి?” అంది గున్నమ్మ.

“మెషిన్ గొంతు వింటేనే హాజరు వేస్తుంది పిన్నీ. నేను టిక్కు పెట్టడానికి లేదు.”

పలికితే కాళ్ళు ఉన్నాయంటారు, పలక్కపోతే మనిషే లేడంటారు. ఎటు తిరిగినా గట్టే. ఇంటికి వచ్చాక కూర్మారావు ఒక దారి చెప్పాడు. పలక్కుండా ఉంటే గస్తీ వాళ్ళు వస్తారు కదా, వాళ్ళు మనుషులు. పడిపోయిన కాళ్ళు మనిషి కంటికి చూపించొచ్చు, సూదితో గుచ్చి చూడమనొచ్చు.

“నోరు మూసుకో, అంతే రా దాలీ. నీ జన్మలో ఎప్పుడూ సెయ్యని పని” అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఎవరి నవ్వూ ఎక్కువసేపు నిలవలేదు.

6. సోమవారం

ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

హాల్లో గాజు తలుపు ముందు, నేలకు బిగించిన ఇనుప కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కుడి పక్క గున్నమ్మ, ఎడమ పక్క కూర్మారావు. తువ్వాలు ముక్క చుట్టి నా నోట్లో పెట్టుకున్నాను.

ట్యూను మోగింది. నా నంబరు పిలిచారు. నా ఛాతీ దానంతటదే విచ్చుకుంది. నాలుక గుడ్డను బయటికి తోసింది. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను. రెండోసారి పిలిచారు. గొంతులో ఆ మాట వాంతిలా పైకి వస్తోంది. గున్నమ్మ నా తలను తన పొట్టకు అదుముకుంది. నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఇంకొక్కసారి, ఇంకొక్కసారే అనుకున్నాను.

మూడోసారి పిలిచారు. నేను పలకలేదు.

“హాజిర్ సాబ్!”

కూర్మారావు గొంతు అది.

బ్యారక్‌లో బతికినవాడికి ఇది చెప్పక్కర్లేదు. జ్వరంతో ఒకడు లేవలేకపోయినా, పాయఖానాలో ఆలస్యమైనా, వాడి నంబరు గాల్లో ఊరికే పోతుంటే పక్క మంచం వాడు పలుకుతాడు. అది ఆలోచించి చేసే పని కాదు. కూర్మారావు నా బదులు ఎన్నిసార్లు పలికాడో, నేను వాడి బదులు ఎన్నిసార్లు పలికానో లెక్క లేదు. నోరు మూసుకోమని నాకు చెప్పినవాడు, తన నోరు మూసుకోవాలని అనుకోలేదు. మా ఎవరికీ తోచలేదు.

నేను తల తిప్పేసరికి వాడు ఆ ముఖంలో లేడు. చేతికర్ర జారి పడింది. లేచి నిలబడ్డాడు, నిటారుగా, ఊపిరి వెతుక్కోకుండా. గున్నమ్మ “అన్నియ్యా! అన్నియ్యా!” అంటూ వాడి చొక్కా పట్టుకుంది. చొక్కా చిరిగింది. వాడు గాజు తలుపు దాటి లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

నేను కుర్చీలోంచి కిందపడి పాకాను. తలుపు మీద కొట్టాను. జోషిత పరిగెత్తుకొచ్చి తనూ కొట్టింది. అది పరీక్ష అయ్యేదాకా తెరుచుకోదు. తెరుచుకునేసరికి గది ఖాళీ. అవతలి తలుపు బార్లా తీసి ఉంది, బండి వెళ్ళిపోయింది.

7. మంగళవారం

నా ఫోనుకి కబురొచ్చింది. దాలినాయుడు గారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యవంతులు, విధుల్లో చేరినందుకు కృతజ్ఞతలు అని.

రికార్డు నా పేరున ఉంది కాబట్టి చూసే హక్కు నాదే. ఈసారి జోషిత మారు మాట్లాడకుండా చూపించింది. కూర్మారావు మెట్లు ఎక్కుతున్నాడు. ఇసుక బస్తాతో గుంజీలు తీస్తున్నాడు. పెదవులు నీలంగా మారిపోయాయి, చెమట గడ్డం మీద నుంచి ధారగా కారుతోంది. “నొప్పి ఉందా?” “లేదు సాబ్.” నేను తెర మీద చెయ్యి పెట్టి, “ఉంది రా, సెప్పు, ఉందని సెప్పు” అని అరిచాను. నేను ఇంతకుముందు అలా ఎప్పుడూ ఏడవలేదు.

“గొంతు నాది కాదని మెషిన్‌కి తెలీలేదా?” అని అడిగాను.

“పిలుపుకి గొంతు పోల్చరు బాబాయ్. టైము పడుతుందని తీసేశారు. ఫిర్యాదు వస్తేనే పోలుస్తారు.” జోషిత కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఫిర్యాదు పెట్టండి. మీరిక్కడ ఉన్నారని తేలితే, ఒకే మనిషి రెండు చోట్ల ఉన్నట్టు అవుతుంది. వెంటనే అక్కడున్న ఆయన్ని ఆపేసి వెనక్కి పంపాలి. అది రూలు.”

“ఎలా తేలుతుంది?”

ఆమె నేల వైపు చూసింది. “పాత గొంతుతో కొత్త గొంతు పోల్చాలి. మీది మా దగ్గర ఉన్నది ఒక్క మాటే బాబాయ్. అదే మాట, అదే ట్యూను తర్వాత, హాల్లోనే చెప్పాలి. పోల్చడం అయ్యేదాకా మీరు తలుపు ఇవతలే ఉండాలి. దాటారంటే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టే.”

గున్నమ్మ ఇంటికొచ్చాక విరుచుకుపడింది. “ఆడు నీకోసరం పోనాడు, నువ్వు ఆడికోసరం పో. నానెవులికోసరం ఉండాల?” అని గిన్నెలు విసిరింది. తర్వాత వాకిట్లో కూర్చుని, హాల్లో పడిపోయిన కూర్మారావు చేతికర్ర తుడుస్తూ, “ఆ గుండెతో బస్తాలు మోస్తన్నాడు” అంది, నాతో కాదు.

8. బుధవారం, హాల్లో

నాకు భయంగా ఉంది. గట్టు మీద భయపడే వీలు లేదు, అందుకని ఇన్నేళ్ళ భయం ఇప్పుడే వస్తున్నట్టుంది. నా ఒంట్లో వాడు లేచాక నేను ఎక్కడికి పోతానో నాకు తెలియదు. తిరిగి వస్తానో రానో తెలియదు. కూర్మారావు ఇంకా బతికి ఉన్నాడో లేదో అదీ తెలియదు. బతికి ఉంటే ఈ పొద్దున కూడా వాణ్ణి నా నంబరుతోనే పిలిచి ఉంటారు.

గున్నమ్మ కొబ్బరి తాడు తెచ్చింది. నా ముందు కింద కూర్చుని, నా కాళ్ళను ఇనుప కుర్చీకి కడుతోంది. ఒక్కో చుట్టు వేసి, మోకాలు ఆనించి బిగిస్తోంది. తాడు కోసుకుని నా పిక్క మీద రక్తం వచ్చింది. ఆగి, చూసి, మళ్ళీ బిగించింది. జోషిత కౌంటరు వదిలి వచ్చి నడుముకి ఇంకో తాడు పట్టుకుంది. ఆమె ఉద్యోగం ఈ రోజుతో పోవచ్చు. ఆ మాటే అంటే, “మీరు రాసుకోండి బాబాయ్” అంది.

“నొప్పెడతందా మావా?” అని గున్నమ్మ అడిగింది.

“లేదు” అన్నాను. ఆమె చప్పున తలెత్తి నా కళ్ళలోకి చూసింది, ఆ జవాబు చెప్పింది నేనేనా అని. నేనే అని తల ఊపాను. కళ్ళు తుడుచుకుని ఆఖరి ముడి వేసింది.

“ఆగుతాదా ఇది?” అని అడిగింది.

తాడు గట్టిదే. నా కాళ్ళకు ఎంత బలం ఉందో మాత్రం నాకు తెలియదు. నేను వాటిని రికార్డులోనే చూశాను.

ట్యూను మోగుతోంది.